నచ్చిన రచయితను పదిమందికి అంటించడం ఎలా: పర్లాకిమిడి పటాల షాపు పద్ధతి

ఒక రచయిత మీకు బాగా నచ్చాడనుకోండి. ముందుగా మానేయాల్సింది పొగడటం. "అబ్బో, మహానుభావుడండీ, ఒక్కసారైనా చదవాలి" అని మొదలుపెట్టారా, అవతలివాడు "అలాగేనండీ" అని తలూపి సెల్లు బయటికి తీస్తాడు. పొగడ్త విన్నవాడికి ఔననడం తప్ప ఇంకో పని ఉండదు. కథలూ నవలలూ అయితే తరవాత ఏమైందోనన్న ఆత్రమైనా లాక్కుపోతుంది. కళ గురించి, తత్త్వం గురించి రాసినవాడికి ఆ వీలు కూడా లేదు. ఆయన్ని మోసుకెళ్లాల్సింది మీరే, అదీ ఎదుటివాడికి బరువు తెలియకుండా.

నాది పర్లాకిమిడి. రాజావారి కోటకు పోయే దారిలో పటాలు కట్టే షాపు. దేవుడి పటాలు, పెళ్లి ఫొటోలు, పోయినవాళ్ల ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, ఏది తెస్తే అది కడతాను. 1936 ఏప్రిల్ 1న మా ఊరు ఒరిస్సాలో కలిసింది గానీ ఇంట్లో మాట తెలుగుగానే ఉండిపోయింది. పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఇంటికొచ్చి తెలుగులో దెబ్బలాడుకుంటారు. ఇలాంటి ఊళ్లో, ఇంగ్లీషులో రాసిన ఒక సింహళం మనిషిని కౌంటరు దగ్గరికొచ్చినవాళ్లకి అంటిస్తూ వస్తున్నాను. ఆయన పేరు ఆనంద కుమారస్వామి. మీకు నచ్చినవారు వేరే ఎవరైనా కావచ్చు, పద్ధతి పెద్దగా మారదు. ఆయన పేరు పెట్టి చెబితే నాకు సులువు, అంతే.

వస్తువు ముందు, పేరు చివర

డాన్సు పోటీలో నెగ్గిన పిల్లకి నటరాజు బొమ్మ ఇవ్వడం మా వైపు మామూలు. కొన్నాళ్లకి దాని కింద చెక్క ఊడుతుంది, లేదా చుట్టూ ఉన్న జ్వాలల వలయం వంగిపోతుంది. తల్లులు దాన్ని నా దగ్గరికి తెస్తారు, గాజు పెట్టెలో బిగించి ఇమ్మని. నేను గుడ్డతో తుడుస్తూ ఒక మాట అడుగుతాను: "అమ్మా, ఇన్నాళ్లూ ఇంట్లో ఉంది కదా, కాలికింద ఉన్నవాడెవడు?"

చాలామంది అప్పుడే మొదటిసారి వంగి చూస్తారు. పాతపట్నం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కళ్లజోడు సర్దుకుని చూసి, "ఏటి బావూ, ఇక్కడొకడున్నాడా! నానింతకాలం పీటనుకున్నాను" అంది. అక్కడితో సగం పని అయిపోయినట్టే. ఆమె ఇంటికెళ్లి తన బొమ్మను తనే చూసుకుంటుంది.

ఇక మీరు చెయ్యాల్సింది, ఆ చూపును నాలుగు చేతుల మీదుగా నెమ్మదిగా నడిపించడం. కుడివైపు పై చేతిలో డమరుకం. ఎడమవైపు పై చేతిలో నిప్పు. కుడివైపు కింది చెయ్యి భయపడకు అంటోంది. ఎడమవైపు కింది చెయ్యి ఒంటికి అడ్డంగా వచ్చి, ఎత్తిన కాలివైపు చూపిస్తోంది. "ఆ చెయ్యి ఎందుకు కాలినే చూపిస్తోందంటారు?" అని అడిగి ఆగండి. ఆగడం ముఖ్యం. మీకు జవాబు తెలుసు కాబట్టి నోరు దురద పెడుతుంది. ఆపుకోండి. ఒకరు "దండం పెట్టుకోమని" అంటారు. ఇంకొకరు "అడుగు ఎలా వెయ్యాలో పిల్లలకి చూపిస్తున్నాడు" అంటారు. రెండూ తీసెయ్యాల్సిన మాటలేమీ కావు.

అప్పుడు చెప్పండి. 1918లో న్యూయార్కులో అచ్చయిన 'ది డాన్స్ ఆఫ్ శివ' అనే పుస్తకంలో ఒకాయన సరిగ్గా ఈ బొమ్మ గురించే రాశాడని. తమిళ శైవుల పాత గ్రంథాలు తీసి, డమరుకంలోంచి సృష్టి, అభయం చూపే చేతినుంచి రక్షణ, నిప్పులోంచి లయం, ఎత్తిన పాదం దగ్గర ముక్తి అని వరసగా చూపించాడని. కాలికింద ఉన్నవాణ్ని తమిళులు ముయలకన్ అంటారని, మనవాళ్లు అపస్మారుడంటారని. ఈ ఒక్క బొమ్మలో మతం, శాస్త్రం, కళ మూడూ కలిసిపోయాయన్నది ఆయన వాదమని. ఆయన పేరేమిటని వాళ్లే అడిగినప్పుడు చెప్పండి. అడక్కపోతే చెప్పకండి. బొమ్మ బిగించి ఇచ్చేసి డబ్బు పుచ్చుకోండి. మళ్లీ వస్తారు, గాజు పగలకపోతుందా.

ఇదే పని వేరే రచయితలతోనూ జరుగుతుంది. మీ రచయిత సంగీతం మీద రాసినవాడైతే ఫోనులో ఒక పాట వినిపించి మొదలుపెట్టండి. గుళ్ల మీద రాసినవాడైతే గుమ్మం మీది చెక్కడం దగ్గర మొదలుపెట్టండి. ఎదుటివాళ్ల ఇంట్లో ఉన్నది, వాళ్లు రోజూ దుమ్ము దులిపేది అయితే మరీ మంచిది.

ఎవరికి చెప్పాలి

చేతిపని ఉన్నవాళ్లకి ముందు చెప్పండి. లెక్చరర్లకి చివర చెప్పండి. లెక్చరర్లంటే నాకేమీ కోపం లేదు, నా గిరాకీలో వాళ్లూ ఉన్నారు. కాకపోతే వాళ్లు వింటూ వింటూనే దీన్ని ఏ ఖానాలో వెయ్యాలా అని చూసుకుంటారు. భారతీయ సౌందర్యశాస్త్రమా, సంప్రదాయవాదమా అని పేరు పెట్టేస్తే ఇక వినక్కర్లేదు.

మా ఊళ్లో కొమ్ము పని ఉంది. గేదె కొమ్ముతో కొంగలు, చేపలు, జింకలు, దువ్వెనలు చేస్తారు. తెలిసినవారు ఒకాయన దగ్గర నేను అప్పుడప్పుడూ కూర్చుంటాను. కొమ్మును నిప్పు సెగకి చూపించి మెత్తబడ్డాక వంచుతాడు. చల్లారిందంటే ఆ వంపు అలాగే నిలిచిపోతుంది, తప్పు వంపైనా సరే. అందుకని ఆ కాస్త సేపూ ఆయన మాట్లాడడు, మాట్లాడించినా వినడు. తరవాత ఆకురాయి పడతాడు. కొంగ మెడ దగ్గర ఆకురాయి నడిచే తీరు చూడాలి. కిందినుంచి పైకి ఒకే విసురు, మధ్యలో ఆగితే గీత కనపడిపోతుంది. నల్లటి పొడి మోకాలి మీద రాలుతుంటుంది, కాలిన వెంట్రుకల వాసన. మెడ నున్నబడేకొద్దీ కొమ్ములో దాగున్న తెల్ల చార బయటికొస్తుంది. ఆ చార ఎక్కడొస్తుందో ముందే చూసుకుని, అది కొంగ గొంతు మీదికి వచ్చేలా ముక్క కోసి ఉంటాడు.

అలా ఆకురాయి పక్కన పెట్టిన ఒక పూట ఆయనకి అవధూత కథ చెప్పాను. భాగవతంలో అవధూతకి ఇరవై నలుగురు గురువులు. వాళ్లలో ఒకడు బాణాలు చేసేవాడు. బాణం చక్కబెట్టే పనిలో మునిగిపోయి, పక్కనుంచి రాజు మేళతాళాలతో వెళ్లినా ఎరగడు. కుమారస్వామికి ఈ బాణాలవాడంటే చాలా ఇష్టం. శిల్పి బొమ్మ చెక్కేముందు ధ్యానంలో దాన్ని పూర్తిగా చూసుకుంటాడనీ, చెయ్యి కదిలేది ఆ తరవాతేననీ చెప్పే చోట వాణ్ని సాక్ష్యానికి పిలుస్తాడు. పనివాడి ఏకాగ్రతా యోగి ఏకాగ్రతా ఒకటేనంటాడు.

కొమ్ము పని ఆయన అంతా విని, "బాగానే ఉంది గానీ, రాజు ఊరేగింపుని చూడకపోతే ఎలాగండి? కొనేవాళ్లు అందులోనే కదా ఉంటారు" అన్నాడు.

ఇలాంటి జవాబు వస్తే సంతోషించండి. దాన్ని తిప్పికొట్టడానికి పరిగెత్తకండి. రచయిత ఆయన బుర్రలోకి దిగాడు, అక్కడ పేచీ పెట్టుకుని కూర్చున్నాడు. "ఔనౌను, ఎంత బాగా చెప్పాడు" అన్నవాళ్లు రచయితని గుమ్మంలోనే వదిలేసినట్టు. ఆ మాట నేను కూడా మోసుకుని తిరుగుతున్నాను. వేరేవాళ్లకి బాణాలవాడి కథ చెప్పినప్పుడు, కొమ్ము పని ఆయన మాట కూడా కలిపే చెబుతాను. రెండూ కలిస్తేనే రుచి.

జీవితం ముక్కలుగా పంచండి

రచయిత జీవితచరిత్ర మొత్తం ఒకేసారి వినిపిస్తే సంతాపసభలా ఉంటుంది. ఎవరికి ఏ ముక్క తగులుతుందో చూసి, అంతే ఇవ్వండి. ఈ విషయంలో కుమారస్వామి మనకి బోలెడు సరుకు ఇచ్చిపోయాడు.

తెలుగు పెద్దవాళ్లకైతే నేను ముందుగా దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పేరు తీస్తాను. చీరాల పేరాల ఉద్యమం, రామదండు అనగానే మా వైపు ముసలాళ్లు కూడా తలెత్తుతారు. 1921లో మున్సిపాలిటీ పన్ను కట్టబోమని ఊరు ఊరంతా ఖాళీ చేయించి, పక్కన పాకలేసి నిలబెట్టిన ఆంధ్రరత్నం. ఆయన అంతకు నాలుగేళ్ల ముందు ఏం చేశాడో అడగండి. నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయం వాళ్లు 'ది మిర్రర్ ఆఫ్ జెశ్చర్' అని అచ్చు వేశారు. అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఈ సంగతి విన్న డాన్సు మాస్టారొకాయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. ఆయన పిల్లలకి రోజూ నేర్పే పతాకం, త్రిపతాకం అనే చేతి ముద్రలు అదే గ్రంథంలోవి. అంతకు ముందు ఆయన దృష్టిలో కుమారస్వామి ఎవరో పరదేశి.

కెమిస్ట్రీ చెప్పేవాళ్లకి ఇంకో ముక్క. ఈయన చదివింది భూగర్భశాస్త్రం. లండనులో చదువుకుని, 1903 నుంచి సిలోనులో ఖనిజాల సర్వే నడిపాడు. థోరియనైట్ అనే ఖనిజాన్ని లోకానికి తెలియజేసింది ఈయనే. రాళ్లు వెతుక్కుంటూ ఊళ్లు తిరిగినప్పుడే అక్కడి చేతిపనులు ఎలా చచ్చిపోతున్నాయో చూశాడు. గంజాం తీరపు ఇసకలో థోరియం ఉన్న సంగతి కెమిస్ట్రీవాళ్లకి తెలుసు కాబట్టి మాట అక్కడినుంచి దానంతటదే నడుస్తుంది.

ప్రింటింగు ప్రెస్సు నడిపేవాళ్లకి: 1908లో మధ్యయుగపు సింహళ కళ మీద వేసిన పుస్తకాన్ని ఇంగ్లండులో, చేతిపనుల్ని వెనకేసుకొచ్చిన ఆంగ్ల కవి విలియం మోరిస్ వాడిన చేతి ప్రెస్సు మీద, దగ్గరుండి అచ్చు వేయించుకున్నాడు. బరంపురంలో పట్టు నేసేవాళ్లకి: మొదటి భార్య ఎథెల్ ఆ సింహళ పుస్తకానికి ఫొటోలు తీసింది, తరవాత ఇంగ్లండులో పేరున్న చేనేత నేతగత్తె అయింది. బరంపురంలో నాకు తెలిసిన మగ్గం మనిషి ఆ భర్త గురించి ఒక్క ముక్క అడగలేదు. ఆమె ఏ నూలు వాడేది, ఏ రంగులు వేసేది అని పట్టుకున్నాడు. అడగనివ్వండి. ఆమె చెట్ల రంగుల మీద ఒక పుస్తకం రాసిందని చెప్పాను, అది కావాలన్నాడు. రచయిత ఇంటికి ఏ గుమ్మంలోంచి వస్తే మనకేం?

తల్లీతండ్రీ, పుట్టుక, చావు లాంటివి రెండు మాటల్లో సరిపెట్టొచ్చు. తండ్రి ముత్తు కుమారస్వామి సిలోను తమిళుడు, తల్లి ఎలిజబెత్ ఇంగ్లీషు ఆవిడ. 1877లో కొలంబోలో పుట్టాడు, రెండేళ్లు నిండకుండానే తండ్రి పోయాడు, పెరిగింది ఇంగ్లండులో. 1917 నుంచి అమెరికాలో బోస్టన్ మ్యూజియంలో భారతీయ కళ చూసుకున్నాడు. డెబ్బయ్యో ఏట మన దేశానికి వచ్చేసి హిమాలయాల్లో ఉండాలనుకున్నాడు. రాకుండానే 1947 సెప్టెంబరులో, మనకి స్వాతంత్ర్యం వచ్చిన నెల తిరక్కుండా, పోయాడు.

మీ వృత్తినే ఎదురు పెట్టండి

ఇక్కడ కొంచెం ఆగాలి. నా మట్టుకు నాకు కుమారస్వామి నిజంగా తగిలింది ఇక్కడే.

ఈయన పాతికేళ్లకి పైగా మ్యూజియంలో పనిచేసి, 1943లో ఒక పుస్తకం వేశాడు, పేరే ఒక ప్రశ్న: కళావస్తువుల్ని అసలు ప్రదర్శనకి ఎందుకు పెట్టాలి? దేవుడి బొమ్మ పూజకి చేశారు, గిన్నె తినడానికి చేశారు, కత్తి కొయ్యడానికి చేశారు. అద్దాల బీరువాలో పెట్టి చూడమని ఎవరూ చెయ్యలేదు. వాడుక పోయిన పాత వస్తువుల్ని కాపాడటానికి మ్యూజియం ఉండాలి, అంతవరకే. చూసేవాడు "ఎంత అందంగా ఉందో" అని పోకూడదు, ఇది దేనికి చేశారు, ఆ పని సరిగ్గా చేస్తుందా అని అడగాలి. ఇదీ ఆయన మాట, నేను క్లుప్తంగా చెప్పింది.

నా బతుకుతెరువే అద్దం వెనక పెట్టడం. మరి?

మా జిల్లాలో సవరలు ఇంట్లో గోడ మీద ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండితో తెల్లటి బొమ్మలు గీస్తారు. పెద్దల కోసమో, ఏదో దేవత కోసమో. నాలుగు పక్కలా అంచుగీతలు గీసి, లోపల మనుషులు, ఏనుగులు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు. ఈ మధ్య సైకిళ్లు, విమానాలు కూడా. ఆ అంచుగీతలే ఇంటి గోడలు. లోపల పిలిచినవాళ్లు వచ్చి ఉంటారు. ఇప్పుడు అదే బొమ్మని గుడ్డ మీద గీసి మేళాల్లో అమ్ముతున్నారు, ఆఫీసర్లు కొనుక్కుని నా దగ్గరికి తెస్తారు. "అంచు కొంచెం వంకరగా ఉంది, లోపలికి మడిచేసి నల్ల బీడింగు వెయ్యి" అంటారు. అంచు మడిస్తే ఇంటి గోడ కూలినట్టే. ఆ మాట చెబుతాను. కొందరు నవ్వేసి మడవమంటారు, మడుస్తాను, నా పని అది. కొందరు ఆలోచించి, "అయితే అంచు కనపడేలా వెనక అట్ట పెద్దది వెయ్యి" అంటారు. అలా అడిగినవాళ్లకి ఆ 1943 పుస్తకం సంగతి చెబుతాను. వినడానికి అంతకన్నా సిద్ధంగా ఉన్న చెవులు దొరకవు.

కాబట్టి, మీ రచయిత మీ పనిని ఎక్కడ తప్పుపడతాడో వెతికి పట్టుకోండి. టీచరైతే చదువు గురించి ఆయన అన్న కటువైన మాట, ఫొటోగ్రాఫరైతే నకలు తీయడం గురించి అన్న మాట. అది మీ నోటితో మీరే చెబితే, భజన చేస్తున్నాడన్న అనుమానం ఎవరికీ రాదు. అవతలివాళ్లు మిమ్మల్ని సమర్థించడానికి రచయితతో దెబ్బలాడతారు, అది ఇంకా మంచిది. మా షాపులో కూర్చునే రిటైర్డు పోస్టుమాస్టరు గారు నా పక్షాన నిలబడి, "ఆ పెద్దమనిషి జీతం కూడా అద్దాల బీరువాల మీదే వచ్చింది కదయ్యా" అని కుమారస్వామిని దులిపేశారు. అలా దులపడానికని రెండు వ్యాసాలు శ్రద్ధగా చదివారు కూడా.

నచ్చని పేజీ మీరే తీసి చూపించండి

కుమారస్వామి కులవృత్తుల్ని వెనకేసుకొస్తాడు. 1909లో భారతీయ చేతిపనివాళ్ల మీద రాసిన పుస్తకంలో వంశపారంపర్యంగా పని రావడాన్నీ, వృత్తి సంఘాల కట్టుబాట్లనీ మెచ్చుకుంటాడు. ఆ కట్టుబాట్ల కింద నలిగినవాళ్ల గొంతు ఆయన రాతల్లో వినపడదు. 'డాన్స్ ఆఫ్ శివ'లోనే ఆడవాళ్ల గురించిన వ్యాసం ఒకటుంది, అందులో భర్త చితిలో సహగమనం చేసే సతి అనే ఆదర్శాన్ని సమర్థిస్తాడు. నటరాజు వ్యాసం చదివి మురిసిపోయిన మనిషి పుస్తకం తిరగేస్తే ఆ వ్యాసం తగలక మానదు. మీరు చెప్పకుండా దాచారని తెలిస్తే ఆ వ్యాసంతోపాటు నటరాజూ పోతాడు, మీ మాట మీద నమ్మకమూ పోతుంది.

బరంపురంలో చదువుకునే నా మేనకోడలికి నేనే ఆ పేజీలు ముందు చూపించాను. చదివి, ఫోను చేసి, "మావయ్యా, కమ్మరి కొడుకు కమ్మరే అవ్వాలి అనే మనిషి తను లాయరు కొడుకై ఉండి రాళ్ల చదువు ఎందుకు చదివాడు? మ్యూజియంలో ఎందుకు చేరాడు?" అంది. ముత్తు కుమారస్వామి లాయరన్న ముక్క నేను చెప్పిందే. జవాబుగా నా దగ్గర ఏమీ లేదు. ఆ ప్రశ్నని ఇప్పుడు నేను అందరి ముందూ పెడతాను. కొమ్ము పని ఆయన కొడుకు ఊళ్లో ఇంజనీరింగు చదువుతున్నాడు, తండ్రి దానికి అడ్డు చెప్పలేదు సరికదా అప్పు చేసి ఫీజు కట్టాడు. కుమారస్వామిని ఇష్టపడటానికి ఆ కుర్రాణ్ని వెనక్కి పిలవాల్సిన పని లేదు.

అభిమానం ఎక్కువైన వాళ్లు ఇక్కడ ఒక ఎత్తు వేస్తారు: "ఆ కాలంలో అలా ఉండేదండీ." నాకది నచ్చదు. అదే కాలంలో వేరేలా మాట్లాడినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. నచ్చనిది నచ్చలేదని చెప్పి, నచ్చినదాని దగ్గరికి తిరిగి రండి.

చదవడానికి ఏం ఇవ్వాలి

పుస్తకం ఇవ్వకండి. పేజీలు ఇవ్వండి. పుస్తకం అప్పిస్తే అది బీరువా ఎక్కుతుంది, మీకు మొహం చాటేసుకు తిరుగుతారు. రెండు మూడు పేజీలు పెద్ద అక్షరాల్లో జెరాక్సు తీసి, మడవకుండా చేతిలో పెట్టండి. మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్లకి కాపీ హక్కు తీరిపోతుంది. ఈయన పోయింది 1947లో కాబట్టి ఆ బెంగ లేదు. పాత పుస్తకాల స్కానులు ఇంటర్నెట్ ఆర్కైవులో ఉచితంగా దొరుకుతాయి. మీ రచయిత బతికే ఉన్నా, పోయి ఎక్కువ కాలం కాకపోయినా జెరాక్సు జోలికి పోకుండా పుస్తకమే కొనిపించండి.

ఇంగ్లీషు చదవలేనివాళ్లకి మీరే తెలుగులో చెప్పాలి. మామూలు మాటల్లో చెప్పండి. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా పనిచేసిన ఊళ్లో "రసాస్వాదన పరాకాష్ఠ" అని మొదలుపెడితే నన్ను జనం మెట్లు దిగనివ్వరు. మా దగ్గర పిల్లలకి తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరం రాదు. వాళ్లకి వాట్సాప్‌లో వాయిస్ పంపుతాను, రెండు నిమిషాలు దాటకుండా. వెనక ఆకురాయి చప్పుడో, మా వీధిలో ఆటో హారనో వినపడుతున్నా ఫరవాలేదు.

ఒక్క జాగ్రత్త. ఆయన మాట ఏదో, మీ మాట ఏదో వినేవాళ్లకి తెలియాలి. "కళాకారుడంటే ప్రత్యేకమైన మనిషి కాదు, ప్రతి మనిషీ ఒక ప్రత్యేకమైన కళాకారుడే" అన్నది ఆయన 1934లో వేసిన 'ది ట్రాన్స్‌ఫర్మేషన్ ఆఫ్ నేచర్ ఇన్ ఆర్ట్'లో ఉంది, కాబట్టి ఆయన మాటగా చెబుతాను. వంట బాగా చేసినావిడ కూడా ఆ లెక్కలో శిల్పే అన్నది నా కలుపు, నాదేనని చెబుతాను. పూల బొమ్మ మీద అక్షరాలు వేసి తిరిగే సూక్తుల కార్డులు ముందుకి తొయ్యకండి. ఒక తప్పుడు సూక్తి పట్టుబడిందంటే తరవాత మీరు చెప్పిన నిజాన్నీ నమ్మరు.

నలుగురు పోగయ్యాక

ఎప్పుడో ఒకప్పుడు వాళ్లే "ఎక్కడికైనా వెళ్దామా" అంటారు. మాకు శ్రీముఖలింగం దగ్గర. వంశధార ఒడ్డున మధుకేశ్వరుడి గుడి, ఊరి మొదట్లోనే సోమేశ్వరుడి గుడి. పొద్దున్నే వెళ్లాలి, ఎండ ఏటవాలుగా పడినప్పుడే గోడ మీది బొమ్మలు లేచి కనపడతాయి. మధ్యాహ్నానికి అన్నీ చదునైపోతాయి. అక్కడ నేను పెట్టే నియమం ఒక్కటే: గుడి చుట్టూ ఒకసారి తిరిగేదాకా ఎవరూ కుమారస్వామి పేరెత్తకూడదు, నాతో సహా. తిరిగొచ్చి టీ తాగుతూ ఎవరికి ఏ బొమ్మ దగ్గర కాలు ఆగిందో చెప్పుకుంటాం. పాత బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం వెళ్లినప్పుడైతే ఈ నియమం నాకే కష్టమైపోతుంది. బుద్ధుడి విగ్రహం గ్రీకుల దగ్గర నేర్చుకున్నది కాదనీ, మథురలో మన యక్షుల బొమ్మల్లోంచి వచ్చిందనీ 1927లో ఆయన రాసిన వాదం నా నాలుక చివరే ఉంటుంది.

కలిసినప్పుడల్లా "చదివారా?" అని అడక్కండి. అప్పు వసూలుకి వచ్చినట్టుంటుంది. ఒకరు వదిలేస్తే వదిలెయ్యండి, ఇంకొకరికి ఇవ్వండి.

ఇంకా కావాలని అడిగేవాళ్లకి నేనిచ్చే వరస ఇది. ముందు నటరాజు వ్యాసం. తరవాత మ్యూజియం ప్రశ్న. ఆ తరవాత డాన్సు మీద ఇష్టం ఉంటే దుగ్గిరాలతో కలిసి చేసిన అభినయ దర్పణం, బొమ్మల మీద ఉంటే 1916 నాటి రాజపుత్ర చిత్రాల పుస్తకం. దాని బొమ్మలు స్కానులో మసకగా ఉంటాయి, పెద్ద తెర మీద చూడమనండి. 1934 పుస్తకమూ చివరి రోజుల వ్యాసాలూ అందరికన్నా చివర. వాటిలో పేజీకి సగం కింది గమనికలే, సంస్కృతం, గ్రీకు, లాటిను కలగలిపి. మొదటిసారి వాటి జోలికి పోకుండా పై భాగం చదువుకుంటూ పొమ్మనండి. ఆగిపోయిన చోట పెన్సిలుతో చిన్న గీత పెట్టుకుని, ఆదివారం మధ్యాహ్నం షాపుకి రమ్మనండి. ఆ పూట గిరాకీ తక్కువ.